‘ఊరు ఖాళీ అయింది, ఓవర్’

మంచిర్యాల స్టేషన్‌లో దిగేసరికి ఉదయం 5:40. వాన. ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే బూట్లలోకి నీళ్లు పోయాయి. ఆగస్టు నెల. పటేల్, పట్వారీల కొలువులను సర్కారు రద్దు చేసి అప్పటికి ఏడాదిన్నర. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

వరద డ్యూటీకి సికింద్రాబాద్ నుంచి వచ్చిన మా మిలిటరీ సిగ్నల్స్ జట్టులో నలుగురం. హవల్దార్ రాజస్థాన్ వాడు. అంత నీరు ఒక్కచోట చూడటం అతనికి అదే మొదలు. లైన్‌మన్ తమిళుడు. డ్రైవర్ పంజాబీ. నేను రేడియో ఆపరేటర్ని, కరీంనగర్ వైపు మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. “భాష తెలిసినోడు ఒకడుండాలి” అని నన్ను ఈ డ్యూటీకి వేశారు. సొంత ప్రాంతానికి పోతున్నానని సంబరపడ్డాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సంబరానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

సామాను: పెద్ద రేడియో సెట్టు ఒకటి, వీపున మోసే సెట్టు ఒకటి, బ్యాటరీలు నాలుగు, ఛార్జింగ్ ఇంజను ఒకటి, తీగ చుట్టలు ఆరు, టార్పాలిన్లు రెండు, బ్లోల్యాంప్ ఒకటి. తీగల అతుకుల దగ్గర సీసం కరిగించడానికి వాడే కిరోసిన్ దీపం అది. నీలం మంట వస్తుంది. లైన్‌మన్ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మంచిర్యాలలో ఇచ్చిన లారీలో లక్సెట్టిపేట మీదుగా ఇంకా ముందుకు వెళ్లాం. మూడు చోట్ల రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. 9:15కి ఒక హైస్కూల్ చేరాం. గోదారికి కిలోమీటరు దూరం. పదో తరగతి గదిలో సెట్టు పెట్టాం. గదిలో నల్లబల్ల మీద వానకు ముందు రాసిన లెక్క అలాగే ఉంది. కిటికీ నుంచి వేపచెట్టుకు ఏరియల్ కట్టాం. 10:05కి నా మొదటి మాట పోయింది. కంట్రోల్ అంటే వరద పనులు నడిపే పెద్ద స్టేషన్, త్రీ అంటే మేం.

“కంట్రోల్, త్రీ. వినబడుతోందా? ఓవర్.”

“త్రీ, కంట్రోల్. సాఫ్‌గా వినబడుతోంది. ఓవర్.”

నూరు కిలోమీటర్ల అవతలి మనిషి పక్కగదిలో ఉన్నట్టు పలికాడు. అదే సమయంలో ఆ ఊరి పోస్టాఫీసులో టెలిఫోన్ చచ్చిపడి ఉంది. స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి. టెలిగ్రాఫ్ తీగ చెరువులో మునిగింది. ఉత్తరాల సంచి మూడు రోజులుగా బస్సు కోసం చూస్తోంది. ఆ మొత్తం ఏటి ఒడ్డుకు నోరూ చెవీ మా రేడియోనే. గర్వంగా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

మొదటి రెండు రోజులు బియ్యం, కిరోసిన్, పడవలు, మందులు. ప్రతి సందేశం ఫారం మీద రాయాలి. పంపిన టైం, అందిన టైం, ఎవరికి ఇచ్చాం, ఎవరి సంతకం. సంతకం దగ్గరే నా ప్రాణం పోయేది. మాట నూరు కిలోమీటర్లు రెప్పపాటులో వచ్చేది. ఆ ఫారం బడి వరండా దాటి, వీధికి అటువైపున్న రెవెన్యూ వాళ్ల క్యాంపు చేరి, సంతకం పడి, పని మొదలయ్యేసరికి గంట. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, మేం రోజూ అదే చేసేవాళ్లం.

మూడో రోజు. ఉదయం 11:20.

“త్రీ, కంట్రోల్. అర్జెంట్. రాసుకో. ఎగువన ప్రాజెక్టు నుంచి ఇంకా గేట్లు ఎత్తుతున్నారు. నాలుగు గంటలకు నీళ్లు మీ కింది ఊళ్లకు చేరతాయి. రేవుపల్లెకు ముందు తగులుతాయి. జనాన్ని గుట్ట ఎక్కించాలి. ఒక మోటారు పడవను నాలుగు గంటల దాకా మీ కోసం ఆపుతున్నాం. ఊరు ఖాళీ కాగానే చెప్పండి, పడవను అవతలి ఒడ్డుకు పంపాలి. ఓవర్.”

రేవుపల్లె మాకు పన్నెండు కిలోమీటర్లు దిగువన. నూట యాభై ఇళ్లు. పటంలో చూస్తే నదికి ఆనుకుని ఉంది. నాలుగు గంటల నలభై నిమిషాలు. చాలా ఎక్కువ సమయం. అలాగే అనుకున్నాను.

11:26కి ఫారం తీసుకుని నేనే వీధి దాటి పరుగెత్తాను. క్యాంపులో గుమాస్తా ఒక్కడే ఉన్నాడు.

“సారు కట్ట మీదికి పోయిండు. సారు చెప్పంది జీపు కదలది. వస్తడు, జర కూసో.”

“నేను కూసుంట గని, నీళ్లు కూసోవు గద అన్నా.”

“నన్నేం జెయ్యమంటవు తమ్మీ?”

అతనిదీ తప్పని అనలేను. 12:15కి సారు వచ్చాడు, సంతకం పెట్టాడు. అప్పుడు మైకు దొరకలేదు. వాళ్ల మైకు వానకు తడిసి చెడింది. ఎక్కడో వెతికి, టూరింగ్ టాకీస్ వాళ్ల మైకు తెచ్చారు. మైకుతో పాటు, సినిమా ఆటలు చాటే మనిషిని కూడా తెచ్చారు. గొంతున్నవాడు వాడొక్కడే అన్నారు. 12:40కి జీపు కదిలింది. 1:20కి తిరిగొచ్చింది. “చాటినం” అన్నారు. అంతే.

హవల్దార్ గడియారం చూసి నన్ను, లైన్‌మన్‌ను పిలిచాడు. అతనిది హిందీ. తెలుగులో చెబుతున్నాను.

“చాటడం వేరు, జనం కదలడం వేరు. నువ్వు పోయి కళ్లతో చూడు. చూసి చెప్పు. విన్నది చెప్పకు, చూసింది చెప్పు.”

ఆ మాట సరిగ్గా అలాగే అన్నాడు. చూసింది చెప్పు.

వీపున సెట్టు వేసుకున్నాను. లైన్‌మన్ తన సంచీ వదలడు, బ్లోల్యాంప్‌తో సహా తెచ్చాడు. లారీ రేవుపల్లె చేరేసరికి 1:55.

ఊళ్లో ఒక్క ఇల్లు కూడా ఖాళీ కాలేదు. గడపల్లో ఆడవాళ్లు బియ్యం ఏరుతున్నారు. మగవాళ్లు చూరు కింద బీడీలు కాలుస్తున్నారు. లారీ చూడగానే పిల్లలు ఉరికొచ్చారు.

“సార్, కాయిదాలు ఇయ్యరా? రంగు కాయిదాలు!”

ఒక ముసలమ్మ గడపలో నుంచి అడిగింది. “గీ వానల ఏం ఆట బిడ్డా? గుడారం తడ్వదా?”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై తల పట్టుకున్నాను. జీపు ఊళ్లోకి రాలేదు. బురదకు భయపడి బాట మలుపు దగ్గరే ఆగి చాటింది. గాలికి మాటలు చెదిరిపోయాయి. రాగం ఒక్కటే ఊళ్లోకి చేరింది. ఆ రాగం వాళ్లకు తెలిసినదే. ప్రతి ఎండాకాలం అదే మైకు, అదే గొంతు, అదే సాగదీత. ఊరంతా కలిసి టాకీస్ వచ్చిందనుకున్నారు.

“ఆట గాదవ్వా, ఏరొస్తుంది! గుట్టెక్కుండ్రి!” అని అరిచాను. ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఏరొస్తే డప్పు గొట్టరా? మల్లయ్య డప్పు గొట్టలే.”

ఇంటింటికీ తిరిగి అరిస్తే ఎంత సేపు పడుతుంది? లెక్క వేశాను. కుదరదు. డప్పు కావాలి. డప్పుకు మల్లయ్య కావాలి.

మల్లయ్య ఊరి సుంకరి. ఊరికి ఏ కబురు చెప్పాలన్నా డప్పు కొట్టి చాటేవాడు. అతని వాడ ఊరికి అర కిలోమీటరు కిందికి, ఏటి వైపు. కానీ ఆ పూట అతను ఇంటి దగ్గర లేడు. ఊరికి పై చివర, పాత పటేల్ పశువుల కొట్టం మీద గడ్డి సర్దుతున్నాడు. నలభై దాటిన మనిషి. బక్కపలచన. విషయం చెప్పగానే కొట్టం మీద నుంచి దిగాడు. దిగి నిలబడిపోయాడు.

“పటేల్ చెప్పంది డప్పు ముట్ట సార్.”

“పటేల్ కొలువు పోయి ఏడాదిన్నర గాలేదా?”

“కొలువు పోయింది సార్. పటేల్ ఏడ వోయిండు? రేపు గీ ఊర్లనే బతకాలె గద నేను.”

డప్పు కూడా చావడిలోనే ఉంది. పటేల్ ఊరి వ్యవహారాలు చూసిన గది అది. తాళం పడి ఉంది, తాళంచెవి పటేల్ దగ్గర. పటేల్ కొట్టం పక్కనే తన ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా మాటలన్నీ వింటున్నాడు, విననట్టు వాన చూస్తున్నాడు.

“పటేలా, చావడి తాళం ఇయ్యుండ్రి. డప్పు గొట్టియ్యాలె. ఏరొస్తుంది.”

“నా దఫ్తర్లు, లెక్కల బుక్కులన్ని మూటగట్టి తీస్కపోయిండ్రు. నువ్వు పనికిరావని కాయిదమిచ్చిండ్రు. ఇయ్యాల మల్ల నా ఇంటికే వచ్చిండ్రా సర్కారోళ్లు?”

“నేను సర్కారు గాదు, మిల్ట్రీ.”

“ఏం ఫరక్?”

అప్పుడు 2:20. నా వీపున రేడియో ఉంది. మీట నొక్కితే నూరు కిలోమీటర్ల దాకా నా మాట పోతుంది. నా ఎదురుగా మూడు గజాల దూరంలో కూర్చున్న మనిషికి మాత్రం ఎక్కడం లేదు. అతని కుర్చీ పట్టుకుని లేపాలనిపించింది. చివరికి లైన్‌మన్ పటేల్ పాదాల దగ్గర కూర్చుని, వచ్చీరాని తెలుగులో, “అయ్యా, మీరు చెప్తేనే ఊరు వింటుంది” అన్నాడు. పటేల్ మొహం కొంచెం సడలింది. మొలన దోపుకున్న తాళంచెవి తీశాడు.

“కొట్టు మల్లయ్యా. నేను చెప్పిన్నని చెప్పు.”

2:35.

చావడి తలుపు తీశాం. డప్పు గోడకు వేలాడుతోంది. ఏడాదిన్నర ఎవరూ ముట్టలేదు. తోలు చెమ్మ పట్టి, జారి, మెత్తబడింది. మల్లయ్య వేలితో కొట్టాడు. తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పుడైంది.

“కాపాలె సార్. కాపంది పలుకది.”

డప్పు కాపాలంటే గడ్డిమంట వేసి తోలును వేడి చేసి బిగించాలి. ఊళ్లో పొడిగడ్డి ఎక్కడుంది? నాలుగు రోజుల వాన. అప్పుడు లైన్‌మన్ సంచీ విప్పి బ్లోల్యాంప్ తీశాడు. పంపు కొట్టి అంటించాడు. నీలం మంట బుస్సుమంది. మల్లయ్య దాన్ని చూసి నవ్వాడు. ఆ రోజు అతను నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

చావడి ముందు, చూరు కింద నిలబడి డప్పును మంట మీద తిప్పుతున్నాడు. దగ్గరగా పెడితే తోలు కాలిపోతుంది. దూరంగా పెడితే బిగియదు. తిప్పుతూ మధ్యమధ్యలో వేలితో తట్టి వింటున్నాడు. చేతులు డప్పు మీద, కళ్లు కిందికి, ఏటి వైపు. అక్కడి నుంచి వాడ కనిపిస్తుంది. ఇరవై కప్పుల దాకా ఉంటాయి. ఒక కప్పులో నుంచి పొగ లేస్తోంది. వానలో సన్నగా, నేరుగా.

“గదే మా ఇల్లు. పోశవ్వ పొయ్యి రాజేసింది” అన్నాడు. పోశవ్వ అతని భార్య.

డప్పును మరికాస్త వేడి చేశాడు. తర్వాత అడిగాడు.

“జర ఇంటికాడికి పోయొస్త సార్. ఒక్క మాట చెప్పి ఉరికొస్త.”

గడియారం చూశాను. 2:50. పోవడానికి, రావడానికి బురదలో ఇరవై నిమిషాలు.

“మీ వాడకు డప్పు ఇనవడదా?”

“ఇనవడతది సార్.”

“మరింకేంది? కొట్టు.”

అతను కదల్లేదు. నా వీపు మీద సెట్టు వైపు చూశాడు.

“పోనీ, నీ డబ్బాల చెప్పరాదు సార్, మా ఇంటికాడ?”

నేను నవ్వాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నవ్వాను. “డబ్బా ఇంకో డబ్బాతోనే మాట్లాడుతది మల్లయ్యా.”

అతను తల ఊపాడు. డప్పు మెడలో వేసుకున్నాడు.

2:55కి మొదటి దెబ్బ పడింది. ఏం చెప్పమంటారు, ఊరు మొత్తం ఆ ఒక్క దెబ్బకు లేచి నిలబడింది. పావుగంటలో పశువులు విప్పారు. మూటలు నెత్తికెక్కాయి. ఇందాకటి ముసలమ్మ కోడిని చంకన పెట్టుకుని నన్ను దాటిపోతూ, “గిట్ల ముందే జెయ్యద్దా?” అని నన్నే కసిరింది. మల్లయ్య ఊరి నడుమ నుంచి మొదలుపెట్టి ఒక్కో సందు తిరుగుతున్నాడు. పటేల్ పేరు చెబుతున్నాడు, ఏరొస్తుందని చెబుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. 3:30కి గుట్ట మీద జనం కిక్కిరిశారు.

గుట్ట పైన నిలబడి సెట్టు మీట నొక్కాను. 3:32.

“కంట్రోల్, త్రీ. రేవుపల్లె ఖాళీ అయింది. ఊరు ఖాళీ అయింది. ఓవర్.”

“త్రీ, కంట్రోల్. షాబాష్. పడవను అవతలికి పంపుతున్నాం. అవుట్.”

చూసింది చెప్పు అన్నాడు హవల్దార్. నేను ఊరును చూశాను. వాడను చూడలేదు. డప్పు వినబడుతుంది కదా, వచ్చే ఉంటారనుకున్నాను. అనుకున్నది చెప్పాను.

3:45కి మల్లయ్య గుట్ట ఎక్కాడు. చొక్కా వానకో చెమటకో ఒంటికి అతుక్కుంది. జనంలోకి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచాడు. మళ్లీ వచ్చాడు.

“సార్, మా వాడోళ్లు రాలే.”

కిందికి చూశాం. వాడకూ ఊరికీ నడుమ ఉన్న వాగు అప్పటికే ఎదురెక్కింది. గోదారి నీళ్లు దానిలోకి తన్నుతున్నాయి. నాలుగు అన్నారు, పావుగంట ముందే వచ్చాయి. వాడ కప్పుల మీద మనుషులు కనబడుతున్నారు. మల్లయ్య డప్పుతోనే కిందికి ఉరికాడు. లైన్‌మన్, నేను, ఊరివాళ్లు ఇద్దరు నడుముదాకా నీళ్లలో దిగి అతన్ని పట్టుకుని లాగాం. నన్ను తన్నాడు. తన్నించుకున్నాను.

“కంట్రోల్, త్రీ! పడవ వెనక్కి పంపండి! మనుషులున్నారు! ఓవర్!”

“త్రీ, కంట్రోల్. ఖాళీ అయిందని నువ్వే చెప్పావు. పడవ నది మధ్యలో ఉంది. ప్రయత్నిస్తున్నాం. ఓవర్.”

“పంపండి! ఓవర్!”

“ఓపిక పట్టు, త్రీ. అవుట్.”

ఆ పడవ 5:25కి వచ్చింది. వాడలో ఎనభై మందికి పైగా ఉన్నారు. కప్పుల మీద నుంచి, చెట్ల మీద నుంచి అందరినీ దించారు, ముగ్గురిని తప్ప. రెండిళ్లు కూలి నీళ్లలో పోయాయి. ఆ ముగ్గురిలో పోశవ్వ ఒకతి.

పడవ దిగిన ఒక పెద్దమనిషిని పట్టుకుని అడిగాను. అడిగానంటే, అరిచాను. “డప్పు ఇనవళ్లేదా మీకు? ఎందుకు రాలే?”

“ఇనవడ్డది సార్. అందరం ఇన్నం. పోశవ్వే అన్నది, మనకయితే ఇంటికాడ చెప్పి పోతడు గద అని.”

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఎన్నో ఏళ్ల అలవాటు. ఏ చాటింపు అయినా మల్లయ్య డప్పు కొట్టడానికి బయలుదేరే ముందు వాడలో చెప్పేవాడు. ఊరికి డప్పు వినపడేసరికి వాడకు కబురు తెలిసిపోయి ఉండేది. అందుకే వాడకు డప్పంటే ఊరి సంగతి. పన్నులు, పంచాయితీలు, పటేల్ హుకుములు. తమకు పనికొచ్చేదయితే మల్లయ్య నోటి నుంచి వస్తుంది. ఆ రోజు మల్లయ్య చెప్పలేదు. కాబట్టి తమకు కాదు. డప్పు వింటూ వాళ్లు వంట చేసుకున్నారు.

నేను మల్లయ్య దగ్గరికి పోయాను. గుట్ట మీద ఒక బండకు ఆనుకుని కూర్చున్నాడు. డప్పు పక్కన బోర్లా పడి ఉంది. “మల్లయ్యా” అన్నాను.

అతను నా వైపు చూశాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

“అడిగితి గద సార్” అన్నాడు.



ఆ సాయంత్రం హవల్దార్ లాగ్ పుస్తకం నా ముందు పెట్టాడు. 3:32 దగ్గర నా సందేశం ఉంది. కొట్టెయ్యమంటాడేమో అనుకున్నాను. అలాగే ఉంచమన్నాడు. “అబద్ధం కాదు ఇది. నువ్వు ఊరు అన్నావు. నీ లెక్కలో ఊరంటే ఏదో నీకు ఇప్పుడు తెలిసింది.” మందలింపు రాయలేదు. రాస్తే కొంత తేలికయ్యేది.

పదకొండో రోజు వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. ఉదయం 7:30కి ఏరియల్ విప్పాం. నల్లబల్ల మీద లెక్క అలాగే ఉంది. మంచిర్యాలలో రైలు 2:10కి ఎక్కాం. సికింద్రాబాద్‌లో మా జట్టు మొత్తానికి మెచ్చుకోలు కాగితం ఇచ్చారు. ‘సకాలంలో సమాచారం చేరవేసినందుకు’ అని ఉంది దానిలో. ఆ కాగితం నేను ఫ్రేము కట్టించలేదు.

ఇంకో ఆరేళ్లు సర్వీసు చేసి వచ్చేశాను. మాజీ సైనికుడి కోటాలో కరీంనగర్ బస్టాండ్ దగ్గర ఎస్టీడీ బూత్ వచ్చింది. ఎర్ర అంకెల మీటరు, అద్దాల గది. దుబాయికి, బొంబాయికి, భివండి మరమగ్గాలకు పోయినవాళ్ల ఇంటోళ్లు వరుస కడతారు. ఒకప్పుడు తార్, అంటే టెలిగ్రాం, వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలుపెట్టిన ఇళ్లే ఇవి. ఇప్పుడు నంబరు తిప్పి, “అన్నం తిన్నవా?” అని అడుగుతారు. మంచిదే, కాదనను. ఈ మధ్య జేబులో పట్టే ఫోన్లు కూడా వచ్చాయట. హైదరాబాద్‌లో పెద్దవాళ్ల చేతుల్లో చూశానని మా బూత్‌కు వచ్చే ఒక దుకాణందారు చెప్పాడు.

“ఇగ లోకంల మాట అందని మనిషి ఉండడు, హవల్దార్ సాబ్!” అన్నాడు. నేను హవల్దార్‌గానే రిటైరయ్యాను.

నాకు ఒళ్లు మండింది. అతని తప్పేమీ లేదు, పాపం. అయినా కసిరాను. మాట అందడం వేరు, అది నాకే అని మనిషికి తెలియడం వేరు అన్నాను. అతనికి అర్థం కాలేదు. చిల్లర తీసుకుని పోయాడు.

రోజూ వందమంది నా బూత్‌లో నిలబడి ఇంటికి ఒక్క మాట చెప్పి పోతారు. ఒక్క మాట, అంతే. కొందరికి అర నిమిషం కూడా పట్టదు. అద్దం అవతల వాళ్ల పెదవులు కదులుతుంటే చూస్తాను. అప్పుడు చావడి చూరు కింద మల్లయ్య కనిపిస్తాడు. నీలం మంట మీద డప్పు తిప్పుతుంటాడు, కళ్లు కిందికి, ఏటి వైపు. అక్కడ ఇరవై కప్పుల్లో ఒక్కదాని మీద, వానలో, సన్నగా పొగ లేస్తుంటుంది.